ఎండుమిర్చి శీతల గిడ్డంగి: సరుకుకు, మనిషికి భద్రత కల్పించే నిర్వహణ

ఫిబ్రవరి మొదలుకొని మే నెల వరకు గుంటూరు పరిసరాల్లో ప్రయాణించేవారికి రెండు దృశ్యాలు తప్పక కనబడతాయి. ఒకటి, కల్లాల్లో ఎర్రగా పరచుకున్న మిరపకాయలు. రెండవది, శీతల గిడ్డంగుల ముందు బారులు తీరిన లారీలు, ట్రాక్టర్లు. మొదటి దృశ్యం వెనుక మన శాస్త్రవేత్తల దశాబ్దాల కృషి ఉంది. లాం పరిశోధనా స్థానం నుండి వెలువడిన రకాలు, ఎరువుల యాజమాన్యం, తామర పురుగుల నివారణ వంటి విషయాలపై మనకు పుష్కలంగా సమాచారం ఉంది. రెండవ దృశ్యం విషయంలో మాత్రం మన విస్తరణ పాఠాలు "తగిన ధర లేనప్పుడు శీతల గిడ్డంగిలో నిల్వ చేసుకోవాలి" అన్న ఒక్క వాక్యంతో ముగుస్తాయి. ఆ వాక్యం తరువాత ఏమి జరుగుతుందన్నది ఇంజినీర్ల పని అని సేద్యపు విభాగానికి చెందిన నా వంటివారు చాలాకాలం అనుకున్నారు. ఆ అభిప్రాయం సరికాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ధర పడిపోయిన సంవత్సరాల్లో ఈ విషయం ప్రాధాన్యం మరింత స్పష్టమవుతుంది. 2025 ఫిబ్రవరిలో ధరలు బాగా తగ్గినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటించవలసి వచ్చింది. అటువంటి ఏడాది రైతు చేతిలో మిగిలే ఒకే ఒక అవకాశం సరుకును 'ఏసీ'లో పెట్టి నిరీక్షించడం. అంటే అతని సంవత్సరపు కష్టం, తీర్చవలసిన అప్పు, వచ్చే ఖరీఫు పెట్టుబడి అన్నీ ఆ నాలుగు గోడల మధ్య ఉంటాయి. ఆ గోడల మధ్య ఉష్ణోగ్రత, తేమ, అమ్మోనియా, విద్యుత్తు ఎలా నిర్వహింపబడుతున్నాయన్నది అతని జీవితానికి సంబంధించిన విషయం.

మిర్చికి చల్లదనం ఎందుకు?

ఆలుగడ్డ, ఆపిల్ వంటివి నిల్వలో కూడా శ్వాసిస్తాయి; వేడిని, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తాయి. వాటికి చల్లదనం శ్వాసక్రియను మందగింపజేసే సాధనం. ఎండుమిర్చి సంగతి వేరు. 10 – 11 శాతం తేమ ఉన్న కాయలో శ్వాసక్రియ గణనీయంగా ఉండదు. విద్యార్థులు పరీక్షల్లో తరచుగా ఈ రెండింటినీ కలిపివేస్తుంటారు. మిర్చిని చల్లగా ఉంచడానికి కారణాలు మూడు.

మొదటిది రంగు. మిర్చి ఎరుపుకు కారణమైన క్యాప్సాంతిన్, క్యాప్సోరుబిన్ అనే కెరోటినాయిడ్లు వేడి, వెలుతురు, ప్రాణవాయువుల ప్రభావంతో క్షీణిస్తాయి. గుంటూరు వేసవిలో సాధారణ గోదాములో ఉంచిన కాయ కొద్ది నెలల్లోనే వెలవెలబోతుంది. చల్లని చీకటి గదిలో ఆ మార్పు చాలా నెమ్మదిగా జరుగుతుంది. రెండవది పురుగులు. సిగరెట్ పురుగు, డ్రగ్‌స్టోర్ పురుగు వంటి నిల్వ కీటకాలు వెచ్చని గోదాములో తరాలు తరాలుగా వృద్ధి చెందుతాయి. 10 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో వాటి వృద్ధి నిలిచిపోతుంది. మూడవది బూజులు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చల్లదనం బూజు పెరుగుదలను అడ్డుకుంటుంది గాని, కల్లంలోనే ఏర్పడిన ఆఫ్లటాక్సిన్‌ను తొలగించదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఎండుమిర్చిలో ఆఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని ఆఫ్లటాక్సిన్లు కలిపి 10 మైక్రోగ్రాములు మించరాదు. ఈ పరిమితి దాటిన సరుకును ఎన్ని నెలలు చల్లగా ఉంచినా అది ఎగుమతికి పనికిరాదు.

ఎండుమిర్చికి సాధారణంగా 5 నుండి 8 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 60 నుండి 70 శాతం సాపేక్ష ఆర్ద్రత అనుకూలం. ఆర్ద్రత ఇంతకంటే పెరిగితే కాయ తేమను పీల్చుకొని మెత్తబడుతుంది. బాగా తగ్గితే కాయ పెళుసై, బస్తా కదిపినప్పుడు విరిగి గింజ రాలుతుంది. 'ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిది' అన్న భావంతో 2 డిగ్రీలకు తీసుకుపోవడం వలన ఒనగూడే ప్రయోజనం స్వల్పం, విద్యుత్తు ఖర్చు అధికం.

గిడ్డంగి తలుపు కంటే ముందు

కొన్నేళ్ళ క్రితం ఒక శీతల గిడ్డంగి కార్యాలయంలో జరిగిన వివాదాన్ని నేను ప్రత్యక్షంగా చూశాను. సెప్టెంబరులో సరుకు తీసుకోవడానికి వచ్చిన రైతు కొన్ని టిక్కీలు విప్పించగా లోపలి కాయకు బూజు పట్టి ఉంది. "నేను గలగలలాడే కాయ తెచ్చి పెట్టాను, మీ ఏసీలోనే చెడిపోయింది" అని రైతు వాదన. "పచ్చికాయ తెచ్చి పెట్టావు, మేమేం చేస్తాం" అని యాజమాన్యం సమాధానం. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే ఆధారం లేదు. ఎందుకంటే, మార్చిలో సరుకు దిగిన రోజున తేమ శాతాన్ని ఎవరూ కొలవలేదు. రసీదుపై బస్తాల సంఖ్య, తేదీ మాత్రమే ఉన్నాయి. చివరకు నష్టమంతా రైతుదే అయింది.

కనుక గిడ్డంగి నిర్వహణ తలుపు లోపల కాక, తలుపు ముందే ప్రారంభం కావాలి. దిగుమతి అయ్యే ప్రతి లాటు నుండి కనీసం నాలుగైదు టిక్కీలను ఎంచుకొని, బస్తా పైభాగం నుండే కాక నడిభాగం నుండి కూడా నమూనా తీసి తేమ కొలవాలి. 11 శాతం మించిన సరుకును ఎండబెట్టి తెమ్మని తిప్పి పంపడం రైతుకు ఆ క్షణంలో కష్టంగా తోచినా, అతనికి జరిగే మేలు అదే. తాలుకాయను వేరుచేయని సరుకును ప్రత్యేకంగా గుర్తించాలి. తేమ శాతం, రకం, బరువు, పెట్టిన గది సంఖ్య రసీదులో తప్పక ఉండాలి. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం 2007 కింద నమోదైన గిడ్డంగులు జారీ చేసే రసీదులో సరుకు నాణ్యత వివరాలు ఉంటాయి. ఆ రసీదును తాకట్టుగా పెట్టి బ్యాంకు రుణం పొందే వీలు కూడా ఉంది. విస్తరణ సిబ్బంది రైతుకు చెప్పవలసిన మొదటి మాట ఇదే: తేమ రాయని రసీదు తీసుకోవద్దు.

ఇంకొక దురలవాటును ప్రస్తావించాలి. బాగా ఎండిన కాయను టిక్కీలో కుక్కేటప్పుడు విరగకుండా ఉండటానికి నీరు చిలకరించడం కొన్నిచోట్ల ఆనవాయితీ. ఆ నీరు బస్తా మధ్యకు చేరి అక్కడే నిలిచిపోతుంది. తెల్లవారుజామున మంచుకు కాయ సహజంగా మెత్తబడిన సమయంలో టిక్కీలు కట్టుకుంటే, నీరు చల్లవలసిన అవసరమే ఉండదు.

నింపే వేగం, పేర్చే పద్ధతి

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. ఒక గదిలో 1,000 టన్నుల మిర్చి, అంటే 45 కిలోల చొప్పున సుమారు 22 వేల టిక్కీలు పడతాయనుకుందాం. కాయ 30 డిగ్రీల వద్ద వస్తే దానిని 6 డిగ్రీలకు దింపాలి. ఎండుమిర్చి విశిష్టోష్ణాన్ని కిలోకు, డిగ్రీకి 2 కిలోజౌళ్ళుగా తీసుకుంటే తొలగించవలసిన వేడి 4 కోట్ల 80 లక్షల కిలోజౌళ్ళు. ఈ సరుకంతా మూడు రోజుల్లో చల్లబడాలంటే ఒక్క సరుకు వేడికే సుమారు 53 టన్నుల శీతలీకరణ సామర్థ్యం కావాలి. పది రోజులకు సర్దితే 16 టన్నులు చాలు. ఇరవై రోజులకైతే 8 టన్నులు. గోడల నుండి, తలుపుల నుండి, మనుషుల నుండి వచ్చే వేడి దీనికి అదనం.

సీజనులో లారీలు ఎన్ని వస్తే అన్నీ దింపుకొనే గిడ్డంగిలో ఏమి జరుగుతుందో ఈ లెక్క చెబుతుంది. యంత్రాలు రాత్రింబవళ్ళు తిరిగినా గది ఉష్ణోగ్రత 15 – 18 డిగ్రీల వద్ద వారాల తరబడి నిలిచిపోతుంది. అప్పటికే చల్లబడిన పాత సరుకు మళ్ళీ వేడెక్కుతుంది. అందుచేత రోజువారీ దిగుమతిని గది సామర్థ్యంలో 4 – 5 శాతానికి పరిమితం చేయడం శ్రేయస్కరం. వీలైతే పగటి ఎండలో వేడెక్కిన టిక్కీలను రాత్రంతా నీడలో చల్లారనిచ్చి తెల్లవారుజామున లోపలికి పంపాలి. ఆ రాత్రి గాలి ఉచితంగా చేసే పనిని పగలు కంప్రెసర్ చేత చేయిస్తే దానికి బిల్లు కట్టవలసి ఉంటుంది.

పేర్చడంలో గమనించవలసినది గాలి నడక. నేలకు, టిక్కీకి మధ్య చెక్క పలకలు. గోడకు, వరుసకు మధ్య కనీసం ఒక అడుగు. పైకప్పుకు, చివరి వరుసకు మధ్య రెండు అడుగుల వరకు ఖాళీ. వరుసల నడుమ మనిషి నడిచే దారి ఉండాలి. ఈ ఖాళీ స్థలాన్ని కొందరు వృథాగా భావించి అక్కడ కూడా టిక్కీలు నింపుతారు. అప్పుడు తలుపు దగ్గరి ఉష్ణమాపకం 6 డిగ్రీలు చూపుతున్నా, గుట్ట నడుమ 14 డిగ్రీలు ఉండవచ్చు. గాలి ఉష్ణోగ్రతను కాక, గుట్ట మధ్యలో ఉన్న టిక్కీ లోపలి ఉష్ణోగ్రతను కొలిచినప్పుడే నిజం తెలుస్తుంది. ఘాటైన మిర్చి ఉన్న గదిలో బెల్లం, చింతపండు వంటి వాసన పీల్చే సరుకులను ఉంచరాదు.

విద్యుత్తు ఎక్కడ పోతుంది?

శీతలీకరణ యంత్రం చేసేది వేడిని పల్లం నుండి మెరకకు తోడటం. బావి ఎంత లోతైతే మోటారు అంత కష్టపడినట్లు, ఆవిరి అయ్యే ఉష్ణోగ్రతకు, ద్రవీభవించే ఉష్ణోగ్రతకు మధ్య అంతరం పెరిగినకొద్దీ కంప్రెసర్ అంత ఎక్కువ విద్యుత్తు తీసుకుంటుంది. అమ్మోనియా మైనస్ 2 డిగ్రీల వద్ద ఆవిరై, 40 డిగ్రీల వద్ద తిరిగి ద్రవమయ్యే వ్యవస్థలో సైద్ధాంతిక పనితనపు గుణకం 271ని 42తో భాగించగా వచ్చే 6.45. కండెన్సర్ గొట్టాలను శుభ్రం చేసి 40 డిగ్రీలను 35కు తగ్గించగలిగితే అది 7.32 అవుతుంది. అంటే అయిదు డిగ్రీల తేడాకు సుమారు 13 శాతం మెరుగుదల. మరోవైపు, కూలింగ్ కాయిల్స్‌పై మంచు పేరుకుపోయి మైనస్ 2 కాస్తా మైనస్ 7కు దిగజారితే గుణకం 5.66కు పడిపోతుంది. వాస్తవ యంత్రంలో గుణకాలు వీటికంటే తక్కువే ఉంటాయి గాని, నిష్పత్తి దాదాపు ఇదే.

ఈ లెక్క నుండి నాలుగు పనులు తేలుతాయి. కండెన్సర్‌పై పేరుకొనే ఉప్పు పొరను, పాచిని తరచుగా తొలగించాలి. వ్యవస్థలో చిక్కుకున్న గాలిని బయటకు పంపాలి. కండెన్సర్ పీడనం అకారణంగా పెరగడం దాని లక్షణం. కాయిల్స్‌పై మంచు పొర 5 – 6 మిల్లీమీటర్లు దాటకముందే కరిగించాలి. బయటి గాలి చల్లగా ఉండే రాత్రి వేళ యంత్రాలను ఎక్కువసేపు నడిపి, మధ్యాహ్నం విశ్రాంతినివ్వాలి. చల్లబడిన వెయ్యి టన్నుల మిర్చి తానే ఒక చల్లదనపు నిల్వ. ఉష్ణ నిరోధక పొర సక్రమంగా ఉండి, తలుపులు మూసి ఉంటే కొన్ని గంటల విరామానికి సరుకు ఉష్ణోగ్రత చెప్పుకోదగినంతగా మారదు. కరెంటు పోగానే ఆందోళనతో తలుపు తీసి చూడటమే అసలు నష్టం.

అమ్మోనియా: మంచి సేవకుడు, క్షమించని యజమాని

మన గిడ్డంగుల్లో శీతలీకరణకు అత్యధికంగా వాడేది అమ్మోనియా. సాధారణ పీడనం వద్ద మైనస్ 33 డిగ్రీల వద్ద మరుగుతుంది, గుప్తోష్ణం చాలా ఎక్కువ, ఓజోను పొరకు హాని చేయదు, చౌక. దాని ప్రమాదం కూడా అంతే స్పష్టం. దాని ఘాటు వాసన చాలామందికి పది లక్షల భాగాల గాలిలో 5 భాగాల వద్దే తెలుస్తుంది. ఎనిమిది గంటల పనికి అంగీకృత పరిమితి 25 భాగాలు. 300 భాగాల వద్ద ప్రాణాపాయం పొంచి ఉంటుంది. గాలిలో ఘనపరిమాణం ప్రకారం 15 నుండి 28 శాతం మధ్య చేరితే నిప్పు అంటుకుంటుంది. ఒక లీటరు ద్రవ అమ్మోనియా వాయువుగా మారితే 800 రెట్లకు పైగా విస్తరిస్తుందని గుర్తుంచుకుంటే, చిన్న లీకు అన్న మాట ఎంత మోసపూరితమో అర్థమవుతుంది.

ప్రమాదాలకు ఎక్కువ అవకాశమున్న సందర్భం యంత్రం నడుస్తున్న సమయం కాదు, మరమ్మతు సమయం. అమ్మోనియాలో నూనె కరగదు; అది పల్లపు భాగాల్లో చేరుతుంది. దానిని తీసేటప్పుడు వాల్వును తెరచి పక్కకు వెళ్ళిన ఆపరేటరు తిరిగి వచ్చేసరికి నూనె అయిపోయి అమ్మోనియా వెలువడుతూ ఉంటుంది. నూనె తీసే పనిని ఇద్దరు కలిసి, చేతి తొడుగులు, కళ్ళద్దాలు ధరించి చేయాలి. వాల్వు వద్ద నుండి కదలరాదు. రెండు వాల్వుల నడుమ ద్రవాన్ని బంధించి మూయరాదు. వేడికి వ్యాకోచించిన ద్రవం గొట్టాన్ని పగలగొడుతుంది. రాగి, ఇత్తడి భాగాలను అమ్మోనియా గొట్టాలకు అమర్చరాదు. తేమతో కలిసిన అమ్మోనియా వాటిని తినివేస్తుంది. లీకు అనుమానం ఉన్నచోట తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం పెడితే నీలంగా మారుతుంది.

లీకు జరిగినప్పుడు గాలి వాటాన్ని గమనించి, ఎదురుగాలి దిశగా గాని అడ్డంగా గాని తొలగిపోవాలి. తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకోవడం పారిపోవడానికి మాత్రమే, లోపలికి పోవడానికి కాదు. అమ్మోనియా ఆవిరిని నీటి తుంపర పీల్చుకుంటుంది. కాని నేలపై నిలిచిన ద్రవ అమ్మోనియాపై నీరు కొడితే అది మరింత వేగంగా ఆవిరవుతుంది. కంటిలో పడితే ఆగకుండా కనీసం 15 నిమిషాలు నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి. బట్ట చర్మానికి గడ్డకట్టి అంటుకుంటే లాగరాదు, ముందు నీటితో తడపాలి.

ఒకసారి విద్యార్థులతో ఒక గిడ్డంగి యంత్రాల గదికి వెళ్ళాను. గోడపై భద్రతా సూచనల పటం చక్కగా అతికించి ఉంది. "శ్వాస పరికరం ఎక్కడుంది బాబూ?" అని ఆపరేటరును అడిగాను. "బీరువాలో ఉంది సార్. తాళం మేనేజరు గారి దగ్గర ఉంటుంది, ఆయన ఆరింటికి ఇంటికి వెళ్ళిపోతారు" అన్నాడు. రాత్రి షిఫ్టులో అతడు ఒక్కడే ఉంటాడట. పైగా ఆ బీరువా కంప్రెసర్ పక్కనే ఉంది. శ్వాస పరికరం ఉండవలసినది యంత్రాల గది బయట, తాళం లేకుండా. వాడవలసిన మనిషికి దానిని ధరించడం వచ్చి ఉండాలి. నాతో వచ్చిన విద్యార్థులు ఆ రోజు పుస్తకంలో రాసుకున్న సూత్రాలు ఎన్ని గుర్తున్నాయో తెలియదు గాని, ఆ బీరువా తాళాన్ని మాత్రం ఎవరూ మరచిపోలేదు.

నిప్పు, తలుపు, హమాలీ

చల్లని గదిలో నిప్పు అంటుకుంటుందా అని చాలామంది ఆశ్చర్యపడతారు. ఎండిన కాయ, గోనె, చెక్క, గోడల లోపలి థర్మోకోల్ అన్నీ మండేవే. నిప్పు పుట్టడానికి ఒక వదులు వైరు, పాత స్విచ్చి చాలు. కాలుతున్న మిర్చి ఘాటు వలన లోపలికి వెళ్ళడం అగ్నిమాపక సిబ్బందికి సైతం దుర్భరమవుతుంది. గుట్టల నడుమ నిప్పు రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. కనుక గదుల లోపల విద్యుత్ తీగలు లోహపు గొట్టాల్లో ఉండాలి. పని ముగిసిన గదికి విద్యుత్తు బయటి నుండే ఆపివేయాలి. వెల్డింగు పనులు సరుకు ఉండగా చేయరాదు. బీమా పాలసీలో రైతుల సరుకు నేటి విలువకు చేరి ఉందో లేదో ఏటా సరిచూడాలి.

ప్రతి గది తలుపు లోపలి నుండి తెరుచుకునేలా ఉండాలి; లోపల చిక్కుకున్నవారు మోగించే గంట కార్యాలయంలో వినపడాలి. సాయంత్రం తాళం వేసేముందు హమాలీలను పేరు పేరునా లెక్కించాలి. బయట 42 డిగ్రీల ఎండ, లోపల 6 డిగ్రీల చలి. ఈ రెండింటి నడుమ రోజంతా బస్తాలు మోసే మనిషికి మందపాటి దుస్తులు, మిర్చి ధూళికి ముక్కు కట్టు, మధ్యమధ్య విశ్రాంతి దయతో ఇచ్చేవి కావు, పనిలో భాగంగా ఇవ్వవలసినవి.

చివరి మెట్టు: బయటకు తీయడం

ఆరు నెలలు జాగ్రత్తగా కాపాడిన సరుకును ఒక్క రోజులో పాడుచేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. బయట 38 డిగ్రీల వేడి, 50 శాతం ఆర్ద్రత ఉన్న రోజున గాలి తుషార స్థానం, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత, సుమారు 26 డిగ్రీలు. వర్షాకాలంలో 30 డిగ్రీలు, 60 శాతం ఆర్ద్రత ఉన్నా అది 21 డిగ్రీలకు పైమాటే. 6 డిగ్రీల టిక్కీని ఒక్కసారిగా ఆ గాలిలోకి తెస్తే గోనెపైనా, కాయపైనా నీరు పడుతుంది. రైతులు దీనినే 'చెమట పట్టడం' అంటారు. ఆ తడితో లారీలో టార్పాలిన్ కింద రెండు రోజులు ప్రయాణిస్తే బూజుకు కావలసిన వసతులన్నీ సమకూరినట్లే.

నివారణ సులభం. సరుకును ముందుగా ఒక మధ్యస్థ గదిలో దశలవారీగా, టిక్కీ ఉష్ణోగ్రత తుషార స్థానాన్ని దాటేవరకు వేడెక్కనివ్వాలి. నిండు టిక్కీ లోపలి భాగం వేడెక్కడానికి ఒక పగలు, ఒక రాత్రి పట్టవచ్చు. అటువంటి గది లేనిచోట గాలి పొడిగా ఉన్న వేళ తీసి, టిక్కీలను ఎడంగా నీడలో నిలిపి, ఆరిన తరువాతే లారీకి ఎత్తాలి. వాన పడుతున్న రోజున సరుకు తీయవలసిన అవసరం నిజంగా ఉందా అని ఒకసారి ఆలోచించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

రాబోయే సీజనులో మీ పరిధిలోని ఒక శీతల గిడ్డంగిని ఎంచుకొని, ఒక పూట గడపండి. చేతిలో ఒక తేమమాపకం, ఒక ఉష్ణమాపకం చాలు. దిగుమతి రసీదులో తేమ శాతం ఉందా? గుట్ట నడుమ ఉష్ణోగ్రత ఎంత? గంట గంటకు పీడనం, ఉష్ణోగ్రత రాసే పుస్తకం నిజంగా గంట గంటకు రాస్తున్నారా, లేక సాయంత్రం ఒకే కలంతో నింపుతున్నారా? గది తలుపు లోపలి నుండి తెరుచుకుంటుందా? శ్వాస పరికరానికి తాళం ఉందా? ఈ అయిదు ప్రశ్నలకు సమాధానం దొరికితే ఆ గిడ్డంగి స్థితి సగానికి పైగా తెలిసినట్లే.

పొలంలో ఎకరాకు రెండు క్వింటాళ్ళ దిగుబడి పెంచడానికి మనం ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేస్తాం. అదే రెండు క్వింటాళ్ళు బూజుకో, వెలిసిన రంగుకో, అగ్నికో ఆహుతి కాకుండా కాపాడటం కూడా వ్యవసాయ పరిశోధనలో భాగమే. రైతు తన టిక్కీని గిడ్డంగి తలుపు దగ్గర దించి వెనుదిరిగినప్పుడు, మన బాధ్యత కూడా అక్కడితో ముగిసిందని మనం అనుకోరాదు.